లినక్స్ డెస్క్‌టాప్‌ను ముందు ప్రోగ్రాములు రాసేవాళ్లకివ్వండి

ఆంధ్రప్రదేశ్ ఐటీ, విద్యా శాఖల మంత్రి
గౌరవనీయులు నారా లోకేశ్ గారికి,



2025 అక్టోబరు 14 మన రాష్ట్రం మరిచిపోయే తేదీ కాదు. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి విశాఖపట్నంలో ఏఐ హబ్ కడతామని గూగుల్ ఆ రోజే ఢిల్లీలో ప్రకటించింది. పేపర్లన్నీ ఆ వార్తతోనే నిండిపోయాయి. సరిగ్గా అదే రోజున మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కి మద్దతు ఆపేసింది. మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఇక రావు. విండోస్ 11 వేసుకుందామంటే అది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలంటుంది, ఇంటెల్‌లోనైతే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసరు ఉండాలంటుంది. కాలేజీ ల్యాబుల్లో ఏళ్లుగా నలుగుతున్న పాత కంప్యూటర్లకి ఆ గడప దాటే యోగం లేదు.

ఈ రెండూ ఒకే రోజున జరగడం కాకతాళీయమే. అయినా పక్కపక్కన పెట్టి చూస్తే ఐటీ శాఖా విద్యాశాఖా కలిసి చేయవలసిన పని ఒకటి కనిపిస్తుంది. రెండు శాఖలూ మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

నేను నెల్లూరు జిల్లా సముద్రతీరాన, ఇందుకూరుపేట మండలంలో ఉంటూ ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి. నా పనంతా లినక్స్ మీదే. చుట్టుపక్కల ఊళ్ల ఇంజనీరింగ్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని వస్తుంటారు, అడిగినవాళ్లకి ఉబుంటో డెబియనో, ఏదో ఒక లినక్స్ వేసి పంపుతుంటాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. లినక్స్ డెస్క్‌టాప్ పదిమంది ఇళ్లలోకీ ఆఫీసుల్లోకీ రావాలంటే గుమాస్తా బల్ల దగ్గర మొదలుపెట్టకండి, ప్రోగ్రాములు రాసేవాళ్ల బల్ల దగ్గర మొదలుపెట్టండి. వాళ్లకి అలవాటైతే మిగతావాళ్లకి కావలసినవి వాళ్లే తయారుచేస్తారు. వాళ్లకి అలవాటు కాకపోతే ఎన్ని జీవోలు ఇచ్చినా అది నిలవదు.

లినక్స్ గురించి మీకు కొత్తగా చెప్పవలసింది లేదు. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి తన సొంత కంప్యూటరు కోసం రాసుకున్న కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ, అది. ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోను లోపలా అదే ఉంది. ప్రపంచంలోని మొదటి 500 సూపర్‌కంప్యూటర్లూ 2017 నవంబరు నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. రేపు విశాఖలో లేవబోయే డేటా సెంటర్లలో బారులు తీరే సర్వర్లలోనూ అదే ఉంటుంది. సర్వర్ల సంగతి సరే, గూగుల్ ఇంజనీర్ల కోసం ఆ సంస్థ తయారుచేసుకున్న డెస్క్‌టాప్ పేరు జీలినక్స్. డెబియన్ మీద కట్టుకున్నది. అంతకుముందు ఉబుంటు మీద కట్టుకున్న గూబుంటు ఉండేది. అంటే మనం ఎర్ర తివాచీ పరిచి పిలుచుకున్న సంస్థ తన ప్రోగ్రామర్లని కూర్చోబెట్టే బల్ల ఒకటి. ఆ ఉద్యోగాలు రావాలని మనం చదివిస్తున్న పిల్లల్ని కూర్చోబెట్టే బల్ల ఇంకొకటి.

మరి ఇంత గొప్ప లినక్స్ మామూలు డెస్క్‌టాప్ మీద ఎందుకు లేదు? వెబ్‌సైట్ల రాకపోకల్ని లెక్కపెట్టే స్టాట్‌కౌంటర్ ప్రకారం ప్రపంచం మొత్తం మీద దాని వాటా 4 శాతం దాటడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. కారణం తెలుసుకోవడానికి పెద్ద సర్వేలు అక్కర్లేదు. మైపాడు రోడ్డు మీద ఏ డీటీపీ షాపులో అడిగినా చెబుతారు. అలాంటి షాపొకదానిలో నేను లినక్స్ గొప్పలన్నీ వల్లించాక ఓనరు అడిగిన ప్రశ్నలు మూడే: "అంతా బానే ఉండాదిగానీ అన్నా, దాంట్లో అనూ ఉండాదా? ప్రింటరు కనపడతాదా? ఏలిముద్ర మిషను పనిచేస్తాదా?"

లినక్స్ డెస్క్‌టాప్ భవిష్యత్తు మన తీరంలో ఈ మూడు ప్రశ్నల్లోనే ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

అనూ అంటే మీకు తెలుసు. పెళ్లికార్డు, దినం కార్డు, ఫ్లెక్సీ, కరపత్రం, రాష్ట్రంలో అచ్చయ్యే తెలుగులో చాలా భాగం ఆ ఫాంట్లలోనే ఉంటుంది. షాపులో కుర్రాడు పాత పేజ్‌మేకర్ తెరుస్తాడు, స్క్రిప్ట్ మేనేజర్ ఆన్ చేస్తాడు, తల ఎత్తకుండా టకటకా కొట్టేస్తాడు. ఆ కీబోర్డు వాడి వేళ్లలో ఉంది. చిక్కల్లా ఏమిటంటే అవి అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాలకి కేటాయించిన గళ్లలో తెలుగు ముక్కల్ని దూర్చిపెట్టిన పాత పద్ధతి. ఒత్తు ఒక గడిలో, గుడి ఒక గడిలో, తలకట్టు మరో గడిలో ఉంటాయి. ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలూ కలిసిన గందరగోళం కనిపిస్తుంది. వెతికితే దొరకదు, కాపీ చేస్తే పనికిరాదు.

దీనికి మందు లేదా అంటే, ముక్కలు ముక్కలుగా ఉంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది. సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన మండలి, సురవరం, రామభద్ర, ధూర్జటి, గిడుగు వంటి ఫాంట్లని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. డీటీపీ వాళ్ల వేళ్లకి అలవాటైన ఆపిల్ కీబోర్డు అమరిక కూడా లినక్స్‌లో ఎవరో పుణ్యాత్ములు ఎప్పుడో రాసి పెట్టారు. పేజ్‌మేకర్ ఫైళ్లని చదివే లైబ్రరీ ఉంది. పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉంది. చాలాకాలం అందులో తెలుగు ఒత్తులు విడివిడిగా పడేవి. దాన్ని బాగుచేసినవాళ్లు ఒమన్ దేశపు ప్రోగ్రామర్లు. తమ అరబిక్ లిపి కోసం వాళ్లు చేసిన పని 2017లో వచ్చిన 1.5.3 వెర్షన్‌లో చేరింది. అక్షరాల్ని కూర్చే కొత్త ఇంజను ఒకటే కాబట్టి అరబిక్‌తోబాటు తెలుగూ చక్కబడింది.

ఈ సంగతి మీరు కాస్త ఆగి చూడాలి. తెలుగు మాట్లాడేవాళ్లు కోట్లలో ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు లేని తెలుగు పల్లె లేదు. అయినా తెలుగు పేజీ సరిగా కట్టే పని ఒమన్ వాళ్లు తమ భాష కోసం చేసుకుంటే మనకి ప్రసాదంగా దక్కింది. మనవాళ్లకి చేతకాక కాదు, ఆ ఇబ్బంది మన ప్రోగ్రామరు కంటబడక. ఇబ్బంది పడుతున్నది డీటీపీ షాపు కుర్రాడు. దాన్ని తీర్చగలిగిన అమ్మాయి ఏ బెంగళూరులోనో అమెరికా బ్యాంకుకి ప్రోగ్రాము రాస్తోంది. ఆమె కంప్యూటరులో స్క్రైబస్ లేదు, లినక్స్ డెస్క్‌టాపూ లేదు. తనదాకా వస్తేగానీ ఎవరికీ నొప్పి తెలియదు.

ఇక ప్రింటరు. ప్రతి జిరాక్స్ షాపులోనూ కనిపించే చిన్న లేజర్ ప్రింటర్లు కొన్ని లినక్స్‌కి ఓ పట్టాన లొంగవు. కంపెనీ ఇచ్చే డ్రైవరు ఉంటే పాతదై ఉంటుంది, వేస్తే కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. అలాంటి మొండి ప్రింటర్లకి కొందరు ప్రోగ్రామర్లు కంపెనీ సాయం లేకుండా, కంప్యూటరుకీ ప్రింటరుకీ మధ్య నడిచే సంకేతాలని గమనించి సొంతంగా డ్రైవర్లు రాశారు. ఎందుకు రాశారు? అదే ప్రింటరు వాళ్ల ఇంట్లోనూ ఉంది కాబట్టి.

అసలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం పుట్టిందే ప్రింటరు దగ్గర. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ఏఐ ల్యాబుకి జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటరు ఇచ్చింది. కాగితం ఇరుక్కున్నప్పుడల్లా ఎవరో ఒకరు వెళ్లి చూసేదాకా పని ఆగిపోయేది. పాత ప్రింటరుకైతే, కాగితం ఇరుక్కోగానే అందరికీ కబురు పంపేలా ఆ ల్యాబు ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రాము మార్చుకున్నాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే సోర్స్ కోడ్ లేదు. అది ఉన్న పరిశోధకుడి దగ్గరికి వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాటిచ్చానని ఆయన కుదరదన్నాడు. ఆ పరిశోధకుడు మీరు చదువుకున్న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనే ఉండేవాడు. ఆ నిరాకరణే స్టాల్‌మన్‌ని 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించేదాకా నడిపించిన కారణాల్లో ఒకటి. మామూలు మనిషి అయితే కాగితం లాగేసి ఊరుకునేవాడు. బాధ పడినవాడూ బాగుచేయగలిగినవాడూ ఒకే మనిషి అయ్యాడు కాబట్టి కథ అంతదూరం వెళ్లింది. టోర్వాల్డ్స్‌దీ అదే కథ.

సముద్రంలోకి వెళ్లే మర బోటులో ఇంజను తెలిసినవాడు ఒకడుంటాడు. నడిసంద్రంలో ఇంజను ఆగితే ఒడ్డున ఎంత గొప్ప మెకానిక్కు ఉన్నా లాభం లేదు. లినక్స్ డెస్క్‌టాప్‌కి కావలసింది కూడా అదే, ఎక్కి ప్రయాణం చేసే మెకానిక్కులు.

మూడో ప్రశ్న వేలిముద్ర యంత్రం. రేషను, పింఛను, ఆధార్, బ్యాంకు కరస్పాండెంటు, అన్నిటికీ అదే ఆధారం. చాలా యంత్రాలకి కంపెనీలు ఇచ్చే సాఫ్ట్‌వేర్ విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ పనిచేస్తుంది. డిజిటల్ సంతకాల టోకెన్లు కొన్నిటిదీ ఇంచుమించు అదే వరస. ఇది మాత్రం ప్రోగ్రామరు ఇంట్లో కూర్చుని తీర్చగలిగే సమస్య కాదు. భద్రత కోసం ఆ యంత్రాలకి ఆమోదం ఉండాలి, కంపెనీయే కలిసిరావాలి. కంపెనీని కలిసివచ్చేలా చేయగలిగింది కొనుగోలుదారు. రాష్ట్రంలో 15,004 గ్రామ, వార్డు సచివాలయాలు ఏర్పాటయ్యాయి. ఇంత పెద్ద కొనుగోలుదారు టెండరులో ఒక్క వాక్యం రాస్తే ఏ కంపెనీ అయినా దిగివస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రోగ్రామర్లని పట్టుకుంటే మిగతా లోకం వెనకే వస్తుందన్న సూత్రం అందరికంటే బాగా తెలిసింది మైక్రోసాఫ్ట్‌కే. విండోస్ అంత ఎత్తుకి ఎదిగింది దాని మీద రాసినన్ని ప్రోగ్రాములు ఇంకెక్కడా లేకపోవడం వల్ల. ఆ సంస్థ సీఈవోగా స్టీవ్ బామర్ వేదిక మీద చెమటలు కక్కుతూ డెవలపర్లు, డెవలపర్లు అని కేకలు పెట్టింది అందుకే. అదే బామర్ 2001లో లినక్స్‌ని క్యాన్సరుతో పోల్చాడు. ఆయన కుర్చీలోకి వచ్చిన మన తెలుగు బిడ్డ సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్‌కి లినక్స్ అంటే ప్రేమ అని ప్రకటించాడు. 2016లో విండోస్ లోపలే లినక్స్ నడిచే ఏర్పాటు, డబ్ల్యూఎస్ఎల్, బయటపెట్టారు. 2019లో ప్రకటించిన రెండో రూపంలో ఏకంగా అసలు లినక్స్ కెర్నల్‌నే లోపల పెట్టారు. ఇది ఊరికే పుట్టిన ప్రేమ కాదు. సర్వర్లు లినక్స్‌వి అయ్యేసరికి వాటికి ప్రోగ్రాములు రాసేవాళ్లు మ్యాక్‌కో లినక్స్‌కో మారిపోతున్నారు, వాళ్లని ఆపాలి. డెల్ 2012లోనే స్పుత్నిక్ అనే ప్రాజెక్టు పెట్టి, ఉబుంటు వేసిన ఎక్స్‌పీఎస్ 13 ల్యాప్‌టాప్‌ని డెవలపర్ల కోసమే విడుదల చేసింది. వ్యాపారం తెలిసినవాళ్లంతా వల వేసింది ఒకే చోట.

"డబ్ల్యూఎస్ఎల్ ఉందిగా, విండోస్ మీదే లినక్స్ నేర్చుకోవచ్చుగా?" అని మీ అధికారులు అడుగుతారు. నేర్చుకోవచ్చు, కమాండ్లు బాగానే వస్తాయి. కానీ అక్కడ ప్రింటరు విండోస్‌ది, కీబోర్డు విండోస్‌ది, తెలుగు ఫాంటు విండోస్‌ది. పైన చెప్పిన మూడు ఇబ్బందుల్లో ఒక్కటీ ఆ విద్యార్థికి ఎదురుపడదు. ఎదురుపడనిదాన్ని ఎవరూ బాగుచేయరు. పైగా విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటరుకి డబ్ల్యూఎస్ఎల్ వల్ల ఒరిగేదేమీ లేదు.

మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఇవాళ ఏముందో చూద్దాం. చాలా చోట్ల మొదటి ఏడాది సీ ల్యాబులో పిల్లలు ఇంకా టర్బో సీలోనే ప్రోగ్రాములు రాస్తున్నారు. నీలం తెర, పసుపు అక్షరాలు. అది డాస్ కాలపు సరుకు కాబట్టి ఇప్పటి 64-బిట్ విండోస్ మీద నేరుగా నడవదు, నడపడానికి డాస్‌బాక్స్ అనే మరో ప్రోగ్రాము కావాలి. రికార్డు పుస్తకంలో మొదటి పేజీ నుంచే కోనియో.హెచ్ ఉంటుంది, క్లియర్‌స్క్రీన్ ఉంటుంది, చివర గెట్‌సీహెచ్ ఉంటుంది. వీటిలో ఏదీ సీ భాష ప్రమాణాల్లో లేదు. ఇంటెజరుకి రెండు బైట్లు అని నేర్పుతారు, వైవాలో అదే అడుగుతారు. అలా నేర్చుకున్న కుర్రాడే క్యాంపస్ ఇంటర్వ్యూలో ఆన్‌లైన్ పరీక్ష తెరిస్తే వెనక నడిచేది సాధారణంగా లినక్స్ మీది జీసీసీ కంపైలరు. అక్కడ ఇంటెజరుకి నాలుగు బైట్లు, క్లియర్‌స్క్రీన్ అంటే తెలియని పేరని ఎర్రర్ వస్తుంది. తప్పు పిల్లాడిదేం కాదు. టర్బో సీ ప్లస్ ప్లస్ 3.0 వచ్చింది 1991లో, లినక్స్ పుట్టింది అదే ఏడు. రెండోదాన్ని ప్రపంచమంతా కలిసి రోజూ పెంచుతోంది, మొదటిదాన్ని మన సిలబస్ ఒక్కటే మోస్తోంది.

మొక్కై వంగనిది మానై వంగదు. పద్దెనిమిదేళ్ల వయసులో లినక్స్ డెస్క్‌టాప్ మీద రాసి, విరగ్గొట్టి, మళ్లీ వేసుకున్నవాళ్లకి జీవితాంతం దాని భయం ఉండదు. ప్రోగ్రామర్ల వెబ్‌సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్లు ఏటా చేసే సర్వేలో దాదాపు నాలుగో వంతు డెవలపర్లు ఉబుంటు వాడుతున్నామంటున్నారు. మామూలు జనంలో దాని వాటా ఎక్కడ, వీళ్లలో ఎక్కడ? ఆ తేడాయే చెబుతుంది, తలుపు ఎక్కడ తెరిచి ఉందో.

ఆ పిల్లలకి మన తీరంలో పనికి కొదవ లేదు. విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, అల్లూరు, ఎటు చూసినా వనామీ రొయ్యల చెరువులే. నీళ్లలో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా పడిపోతుంది. రైతుకి ఆ వేళ నిద్ర ఉండదు, ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి. ఒక సెన్సరూ, రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరూ పెడితే ఆక్సిజను ఫలానా అంకె కంటే తగ్గగానే ఫోనుకి కబురు పంపవచ్చు. ఆ పై మీద నడిచేది డెబియన్ నుంచి తయారైన లినక్స్. తన బల్ల మీద లినక్స్ ఉన్న విద్యార్థి అక్కడ రాసిన ప్రోగ్రామునే చెరువు గట్టు మీదికి పట్టుకుపోతాడు. అవే కమాండ్లు, అవే ఫోల్డర్లు, అదే పద్ధతి. చేపలు దొరికే చోట్లు చెబుతూ హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ మత్స్యకారులకి సమాచారం విడుదల చేస్తోంది. దాన్ని చదువురాని మనిషికి వినిపించేలా తయారుచేయడం ఎంత చక్కటి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు! ఇప్పుడేమో లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అనే ప్రాజెక్టే ఏటా చేతులు మారుతోంది.

లినక్స్‌ని పైనుంచి దింపినవాళ్ల అనుభవాలు మన ముందున్నాయి. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో నిర్ణయం తీసుకుని, పదేళ్లు శ్రమపడి సుమారు 15,000 ఆఫీసు కంప్యూటర్లని లినక్స్‌కి మార్చింది. ఉద్యోగులు గొణిగారు, బయటి ఆఫీసులతో ఫైళ్లు కుదరలేదు, పాలకులు మారారు. 2017లో మళ్లీ విండోస్‌కే పోదామని తీర్మానించారు. పొరుగున తమిళనాడు ఉచిత ల్యాప్‌టాప్‌లలో విండోస్ పక్కన చెన్నై సీడాక్ సంస్థ తయారుచేసిన బాస్ లినక్స్‌నీ పెట్టి ఇచ్చింది. పక్కన పెట్టి ఇస్తే పక్కనే ఉంటుంది.

కేరళ వేరే దారి పట్టింది. ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు, ఇప్పటి కైట్, బడుల్లో కంప్యూటరు చదువు మొత్తాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి తెచ్చింది. ముందు టీచర్లకి శిక్షణ ఇచ్చారు, పాఠ్యపుస్తకాలు దాని మీదే రాశారు, పదో తరగతి ఐటీ పరీక్ష దాని మీదే పెట్టారు. ఉబుంటు మీద సొంత ఆపరేటింగ్ సిస్టమ్ కట్టుకున్నారు. 2019లో రెండు లక్షలకి పైగా బడి కంప్యూటర్లలో అది వేస్తున్నామని, దీనివల్ల మూడు వేల కోట్ల రూపాయలు ఆదా అని ప్రకటించారు. డబ్బు సంగతి అలా ఉంచండి. మ్యూనిక్‌లో లేనిదీ కేరళలో ఉన్నదీ ఒకటే. సాఫ్ట్‌వేర్‌ని వాడేవాళ్లలోనే దాన్ని మార్చి, నేర్పి, సరిదిద్దే జనం తయారవడం.

మన దగ్గరా పునాది లేకపోలేదు. స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచి తెలుగులో గ్నూ లినక్స్ తయారుచేస్తూ, ఇంజనీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలు పెడుతూ వస్తోంది. జీతం భత్యం లేకుండా తెలుగు అనువాదాలు చేసిన పిల్లలు ఎందరో. వాళ్ల కష్టం వారాంతపు వర్క్‌షాపుగానే మిగిలిపోతోంది. సోమవారం ల్యాబుకి వెళితే మళ్లీ టర్బో సీ. సిలబస్సూ పరీక్షా మారనిదే ఆ వర్క్‌షాపు ఊపు నిలబడదు.

అందుకని మీకు నాలుగు విన్నపాలు.

ఒకటి. వచ్చే విద్యా సంవత్సరం నుంచి మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ ల్యాబు, ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబు పూర్తిగా లినక్స్ డెస్క్‌టాప్ మీద జరగాలని విశ్వవిద్యాలయాలకి సూచించండి. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లని తుక్కు కింద అమ్మకుండా ముందు వాటినే ఇందుకు వాడండి. వేలిముద్ర లేదు, పెళ్లికార్డు లేదు, కావలసినదల్లా ఎడిటరూ కంపైలరూ బ్రౌజరూ. లినక్స్ ఇవాళే నూటికి నూరుపాళ్లు సరిపోయే చోటు ల్యాబే.

రెండు. అంతకంటే ముందు వేసవిలో ల్యాబు అధ్యాపకులకీ సిస్టమ్ అడ్మిన్లకీ శిక్షణ ఇవ్వండి. ల్యాబు తాళాలు ఉండేది వాళ్ల దగ్గరే, సాయంత్రం ఆరు గంటలకి కంప్యూటరు బూట్ కాకపోతే తిట్లు తినేదీ వాళ్లే. వాళ్లకి నచ్చకుండా ఏ సంస్కరణా నడవదు. ఈ శిక్షణకి స్వేచ్ఛ వంటి సంస్థల్నీ, నాలాంటివాళ్లనీ పిలవండి. వస్తాం.

మూడు. ప్రభుత్వం కొనే ప్రతి ప్రింటరు, స్కానరు, వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం టోకెను లినక్స్‌లోనూ పనిచేసి తీరాలని టెండరులో షరతు పెట్టండి. విండోస్ తీసేయమని నేను అడగడం లేదు. లినక్స్‌లోనూ అన్న ఒక్క 'నూ' చాలు. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించిన ఓపెన్ సోర్స్ విధానం ఈ దారినే చూపింది.

నాలుగు. మినీ ప్రాజెక్టుకీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకీ తెలుగు పనుల జాబితా ఒకటి తయారుచేయించండి. అనూ నుంచి యూనికోడ్‌కి ఒత్తు చెదరకుండా మార్చే ప్రోగ్రాము, లిబ్రేఆఫీస్‌కి పనికొచ్చే తెలుగు అక్షరదోషాల నిఘంటువు, స్క్రైబస్‌లో తెలుగు మాటని పంక్తి చివర ఎక్కడ విరవాలో చెప్పే నియమాలు, మొండి ప్రింటర్లకి డ్రైవర్లు, రొయ్యల రైతుకి లెక్కల పుస్తకం. విద్యార్థి రాసిన కోడును ఆ సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్లు పరిశీలించి స్వీకరిస్తే దానికి క్రెడిట్లు ఇవ్వండి. గూగుల్ 2005 నుంచి సమ్మర్ ఆఫ్ కోడ్ పేరుతో ఇలాంటిదే నడుపుతోంది. డబ్బిచ్చి చేయిస్తోంది. మనం మార్కులిచ్చి చేయిద్దాం.

అభ్యంతరాలూ చెప్పుకుందాం. కంపెనీల్లో విండోస్, ఎక్సెల్ ఉంటాయి కదా, పిల్లలు వెనకబడరా అంటారు తల్లిదండ్రులు. లినక్స్ తెలిసిన పిల్లలకి ఎక్సెల్ వారంలో వస్తుంది. ఎక్సెల్ ఒక్కటే తెలిసినవాళ్లకి సర్వరు ముందు కూర్చుంటే కాళ్లూ చేతులూ ఆడవు. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల నిఘా సాఫ్ట్‌వేర్లు విండోస్‌లోనే నడుస్తాయి. నిజమే. అలాంటి పరీక్షల కోసం ప్రతి కాలేజీలో ఒక గది అలాగే ఉంచండి. కొన్ని కోర్సులకి కావలసిన ఇంజనీరింగ్ డ్రాయింగ్ ప్యాకేజీలు లినక్స్‌లో రావు. ఆ ల్యాబుల్ని ముట్టుకోవద్దు. అన్నీ ఒకేసారి మార్చబోయి మ్యూనిక్ లాగా వెనక్కి రావడం కంటే, అచ్చంగా నెగ్గే చోట ముందు నెగ్గడం మంచిది.

డీటీపీ షాపు ఓనరుకి ఇవాళే లినక్స్ వేసుకోమని నేను చెప్పను. ఆయన అడిగిన మూడు ప్రశ్నలకీ జవాబు వచ్చేదాకా ఆయన విండోస్‌లో ఉండటమే న్యాయం. ఆయన రోజు సంపాదన నా ఆదర్శానికి ప్రయోగశాల కాకూడదు. నాలుగేళ్ల తరవాత లినక్స్ మీద పెరిగిన మొదటి బ్యాచి కాలేజీ దాటి బయటికి వస్తుంది. ఆ బ్యాచిలో ఆయన కూతురే ఉండవచ్చు, ఆయన షాపుకి కావలసిన ప్రోగ్రాము ఆమే రాయవచ్చు. అప్పుడు నేను వెళ్లి ఒప్పించవలసిన పని ఉండదు.

రాష్ట్రమంతా ఒక్కసారే వద్దనుకుంటే మా నెల్లూరుతోనే మొదలుపెట్టండి. కావలి మొదలుకొని జిల్లా పొడుగునా ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఒక్కో కాలేజీలో ఒక్కో ల్యాబు చాలు. పాఠాలు తెలుగులో రాయడానికీ, ల్యాబులో పిల్లల పక్కన కూర్చోవడానికీ, వాళ్ల ప్రాజెక్టుల్ని దిద్దడానికీ ఈ తీరాన ప్రోగ్రామర్లున్నారు. ఆ పనులు ఎవరి ఆమోదమూ లేకుండా మేం మొదలుపెట్టగలం. టెండరులో ఆ ఒక్క షరతు మాత్రం మీ సంతకం లేకుండా రాదు.

ఇట్లు,
నెల్లూరు తీరం నుంచి
ఒక ప్రోగ్రామరు